"దాత లివర్‌లో కొవ్వు ఉంది" అని ఆపరేషన్ ఆపేశారు. ఆ కొవ్వు తీసేసి పెట్టలేరా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫోన్ రాగానే మీ మేనమామను ఖమ్మం నుంచి రాత్రికి రాత్రి హైదరాబాద్ తీసుకొచ్చారు. రక్తపరీక్షలు అయ్యాయి, ఆపరేషన్‌కి సిద్ధం చేశారు. తెల్లవారుజామున నాలుగింటికి డాక్టర్ బయటికొచ్చి "దాత లివర్‌లో కొవ్వు ఎక్కువ ఉంది, పెట్టలేం" అని చెప్పి పంపేశారు. మీరు మూడు విషయాలు అడిగారు. ఆ కొవ్వు అంత ప్రమాదమా? విదేశాల్లో మిషన్ మీద పెట్టి కొవ్వు కరిగిస్తున్నారట కదా, ఇక్కడెందుకు చేయలేదు? మీ అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని వచ్చింది, అయినా మీరు మామయ్యకి ఇవ్వగలరా?

నేను పద్దెనిమిదేళ్ళుగా లివర్ మార్పిడి ఆపరేషన్లు చేస్తున్నాను. అందులో నాలుగేళ్ళు బ్రిటన్‌లో పనిచేశాను, ఈ మిషన్లు అప్పుడప్పుడే ఆపరేషన్ థియేటర్లలోకి వస్తున్న రోజుల్లో. ముందు అసలు సంగతి చెప్తాను. చనిపోయిన దాత నుంచి తీసిన లివర్‌లో కొవ్వును మిషన్ మీద కరిగించడం ఇంకా పరిశోధన దాటి బయటికి రాలేదు. ఆ లివర్ పనిచేస్తుందా లేదా అన్నది మిషన్ మీద ముందే తెలుసుకోవడం మాత్రం ఇవాళ చేయగలిగిన పనే. ఇక మార్పిడికి ముందే కొవ్వు నమ్మకంగా కరిగేది ఒక్కచోటే, బతికున్న దాత ఒంట్లో. అంటే మీ మూడో ప్రశ్నలో.

ఆ రాత్రి లోపల ఏం జరిగి ఉంటుందో చెప్తాను. దాత ఒంట్లోంచి తీసేముందు లివర్‌ని చల్లటి ద్రావణంతో కడుగుతాం. రక్తమంతా పోయాక మంచి లివర్ లేత గోధుమరంగులోకి వస్తుంది, అంచు కత్తిలా పల్చగా ఉంటుంది. కొవ్వు పట్టింది కందిపప్పు రంగులో ఉంటుంది, అంచులు బొద్దుగా గుండ్రంగా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. అప్పుడు శనగగింజంత ముక్క కోసి పాథాలజీకి పంపుతాం. ముప్పావుగంటలో అక్కడినుంచి ఒక అంకె వస్తుంది, నూటికి ఎంత కొవ్వు పట్టిందో చెప్పేది. 30 లోపు అంటే మామూలుగా తీసుకుంటాం. 30 నుంచి 60 మధ్యలో అయితే దాత వయసు, లివర్ ఎన్ని గంటలు ఐసులో ఉండాల్సి వస్తుంది, తీసుకునే మనిషి ఎంత నీరసించి ఉన్నాడు అని అన్నీ బేరీజు వేస్తాం. 60 దాటితే చాలాచోట్ల వద్దంటారు.

ఆ అంకె పెద్ద చుక్కల కొవ్వు గురించి. సూక్ష్మదర్శినిలో చూస్తే కణం మొత్తాన్ని ఒకే కొవ్వు చుక్క ఆక్రమించి, కణకేంద్రకాన్ని ఒక పక్కకి నెట్టేసి కనిపిస్తుంది. ఇసుకరేణువుల్లాంటి చిన్న చుక్కలు ఉంటే అంత భయం లేదు. అయితే అర్ధరాత్రి హడావుడిగా గడ్డకట్టించి కోసిన ముక్కలో లెక్క తప్పడం మామూలే. ఒకే స్లైడ్‌ని ఒకరు 30 అని, ఇంకొకరు 50 అని చెప్పడం నేను చూశాను. అందుకే ఆ అంకె ఒక్కటే చూసి లివర్‌ని వదిలేయడం నాకు ఎప్పుడూ మనసొప్పని పని. అలాగని లెక్కచేయకుండా పెట్టేయడం అంతకన్నా తప్పు.

ఎందుకో చెప్తాను. చాలామంది అనుకునేది, కొవ్వు లివర్ పెడితే పేషెంటు జీవితాంతం ఫ్యాటీ లివర్‌తో ఉండాలేమో అని. అది కాదు. మొదటి కొన్ని రోజులు గట్టెక్కితే, కొత్త ఒంట్లో ఆ కొవ్వు చాలావరకు వారాల్లో, నెలల్లో దానంతటదే పోతుంది. చిక్కంతా మొదటి గంటల్లోనే ఉంది. లివర్‌ని ఐసుపెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచుతాం. అక్కడ ఆక్సిజన్ ఉండదు. కణాల్లో శక్తి నిల్వలు గంటగంటకీ తరిగిపోతుంటాయి, సగంలో ఆగిన రసాయనాలు పేరుకుంటాయి. తర్వాత పేషెంటు ఒంట్లో రక్తనాళాలు కలిపి క్లాంపు తీయగానే వెచ్చటి రక్తం, ఆక్సిజన్ ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ క్షణంలో కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా నుంచి హానికరమైన ఆక్సిజన్ రూపాలు పెల్లుబుకుతాయి. మామూలు లివర్ ఈ దెబ్బని తట్టుకుంటుంది. కొవ్వు లివర్‌లో మైటోకాండ్రియా అప్పటికే నీరసంగా ఉంటాయి. పైగా ఉబ్బిన కణాలు మధ్యలో ఉన్న సన్నని రక్తపు దారుల్ని నొక్కేస్తాయి. సందులో రెండువైపులా ఇళ్ళవాళ్ళు అరుగులు ముందుకి కట్టుకుంటూ పోతే మధ్యలో స్కూటర్ కూడా పట్టదు చూడండి, అలాగన్నమాట. రక్తం వచ్చినా లోపలికంటా చేరదు. కణాలు పగిలి కొవ్వు బయటికొస్తే ఆ దారులు ఇంకా మూసుకుపోతాయి.

ఇది మరీ తీవ్రమైతే పెట్టిన లివర్ అసలు మొదలే కాదు. అప్పుడు కొద్దిరోజుల్లో ఇంకో లివర్ దొరకాలి, లేకపోతే మనిషి దక్కడు. మన దగ్గర అంత తొందరగా ఇంకోటి దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. మీ మామయ్య పాత లివర్ పాడైనదే, కానీ కొంతైనా పనిచేస్తోంది. అది తీసేసి, పనిచేయనిది పెడితే ఉన్నది కూడా పోయినట్టే. ఆ డాక్టర్ వెనక్కి పంపింది మీ మామయ్యని కాపాడుకోవడానికే అని నేను నమ్ముతున్నాను.

ఇప్పుడు మిషన్ సంగతి. అమెరికాలో స్టార్జల్ 1963లో మనిషికి మొదటిసారి లివర్ మార్పిడి చేశారు. 1980ల చివర్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ద్రావణం వచ్చాక లివర్‌ని ఐసులో అంతకుముందుకన్నా చాలా ఎక్కువసేపు ఉంచగలిగారు. ఆ తర్వాత పాతికేళ్ళు పద్ధతి పెద్దగా మారలేదు. ఐసుపెట్టె, కారు, పరుగు. ఐసులో ఉన్న లివర్‌ని ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పదు, అది నిద్రపోతూ ఉంటుంది.

ఆక్స్‌ఫర్డ్‌లో సర్జన్ పీటర్ ఫ్రెండ్, ఇంజనీరు కాన్‌స్టాంటిన్ కూసియోస్ కలిసి చేసిన మిషన్ దీన్ని మార్చింది. లివర్‌ని 37 డిగ్రీల దగ్గర ఉంచి, ఆక్సిజన్ కలిపిన ఎర్రరక్తకణాలు, పోషకాలు, ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పంపుతుంది. లివర్ ఒంట్లో ఉన్నట్టే పనిచేస్తూ ఉంటుంది. 2013లో లండన్ కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో అలా ఉంచిన లివర్‌ని మొదటిసారి మనిషికి పెట్టారు. 2018లో వచ్చిన యూరప్ ట్రయల్లో, ఐసుతో పోలిస్తే లివర్‌కి తగిలిన దెబ్బ సగానికి తగ్గింది, వాడకుండా పారేసిన లివర్లు కూడా సగానికి తగ్గాయి. ఉంచిన సమయం చూస్తే సగటున 54 శాతం పెరిగింది.

బ్రిటన్‌లో ఒక రాత్రి నాకు బాగా గుర్తుంది. నాలుగు ఆసుపత్రులు వద్దన్న లివర్, కొవ్వు 40 ప్రాంతంలో అన్నారు. పెట్టెలోంచి తీసి మిషన్‌కి కలిపినప్పుడు అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా, పాలిపోయి ఉంది. మొదటి రీడింగ్‌లో లాక్టేట్ రెండంకెల్లో ఉంది. లాక్టేట్ అంటే ఆక్సిజన్ అందని కణాలు వదిలే వ్యర్థం అనుకోండి, బతికున్న లివర్ దాన్ని తినేస్తుంది. గంటకి ఏడు, రెండో గంటకి నాలుగు. మచ్చలు ఒక్కొక్కటే కలిసిపోయి లివర్ అంతా ఒకే రంగుకి వచ్చింది. మూడో గంటలో పైత్యరసం గొట్టం చివర ఒక ముదురు పసుపు చుక్క కనబడింది. మా టీములో అందరం కుర్చీలు దగ్గరికి లాక్కుని ఆ గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాం. పొద్దున్న ఆ లివర్‌ని ఒకావిడకి పెట్టాం. రెండు వారాలకి నడిచి ఇంటికి వెళ్ళింది.

ఇదే పనిని బర్మింగ్‌హామ్ బృందం పద్ధతి ప్రకారం చేసి 2020లో ప్రచురించింది. దేశంలో అన్ని సెంటర్లూ వద్దన్న 31 లివర్లని మిషన్ మీద పెట్టారు. నాలుగు గంటల్లో లాక్టేట్ 2.5 కంటే కిందికి రావాలి, దాంతోపాటు పైత్యరసం రావడం, ఆమ్లత్వం సరిగ్గా ఉండటం, రక్తప్రవాహం బాగుండటం లాంటి వాటిలో కనీసం రెండు కుదరాలి అని షరతు పెట్టుకున్నారు. 22 లివర్లు నెగ్గాయి. వాటిని తీసుకున్న 22 మందీ తొంభై రోజులకి బతికే ఉన్నారు. కానీ తర్వాత నలుగురికి పైత్యనాళాలు ఇరుకైపోయి మళ్ళీ మార్పిడి చేయాల్సి వచ్చింది, అదీ చెప్పాలి. ఇంకోటి, ఆ 31లో అన్నీ కొవ్వు లివర్లు కావు. రకరకాల కారణాలతో తిరస్కరించినవి.

గమనించండి, ఇంతవరకూ ఎక్కడా కొవ్వు కరిగించలేదు. ఉన్న కొవ్వుతోనే ఇది పనిచేస్తుందా అని పరీక్ష పెట్టారు. మీరు యూట్యూబ్‌లో చూసినవాటిలో ఎక్కువభాగం ఇదే అయి ఉంటుంది. చల్లగానే ఉంచి ఆక్సిజన్ మాత్రం పంపే ఇంకో పద్ధతి స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో, నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో బాగా పెరిగింది. మార్పిడికి ముందు గంటా రెండు గంటలు అలా పంపితే మైటోకాండ్రియా మళ్ళీ ఛార్జ్ అవుతాయి, వెచ్చటి రక్తం వచ్చినప్పుడు పెద్ద దెబ్బ తగలదు. అదీ కొవ్వుని తీయదు, దెబ్బనే తగ్గిస్తుంది.

నిజంగా కొవ్వు కరిగించే ప్రయత్నాలు వేరు. 2009లో అమెరికాలో దీపక్ నాగ్రత్ బృందం లావెక్కిన ఎలుకల లివర్లని మిషన్ మీద పెట్టి, ఆరు మందులు కలిపిన మిశ్రమం పంపితే మూడు గంటల్లో కొవ్వు సగం తగ్గింది. మందులన్నీ చేసే పని ఒకటే, కణం తన కొవ్వుని తానే మండించుకునేలా, కొంత బయటికి పంపేలా తొందరపెట్టడం. పదేళ్ళ తర్వాత బర్మింగ్‌హామ్‌లో, మార్పిడికి పనికిరావని పక్కన పెట్టిన పది మానవ లివర్ల మీద దీన్ని చూశారు. ఐదింటికి మందులు, ఐదింటికి ఉత్త మిషన్. మందులు పంపిన వాటిలో ఆరు గంటల్లో పెద్ద చుక్కల కొవ్వు 40 శాతం తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

మరి పేషెంట్లకి ఎందుకు వాడట్లేదు? ఆ ఆరింటిలో ఒకటైన జీడబ్ల్యూ 501516 అనే మందు జంతువుల్లో క్యాన్సర్లు తెచ్చింది, దాంతో దాన్ని తయారుచేసిన కంపెనీయే వదిలేసింది. క్రీడాకారులు దాన్ని దొంగతనంగా వాడుతున్నారని 2013లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ హెచ్చరిక కూడా ఇచ్చింది. మార్పిడి పేషెంటు జీవితాంతం రోగనిరోధకశక్తి తగ్గించే మందులు మింగాలి, క్యాన్సర్ భయం అతనికి మామూలుగానే ఎక్కువ. అలాంటి మందు తగిలిన లివర్‌ని అతని ఒంట్లో పెట్టడానికి ఏ డాక్టరూ తొందరపడకూడదు. అందుకే ఇప్పుడు బ్రిటన్‌లో సురక్షితమైన మందులతోనూ, రక్తంలోంచి కొవ్వుని వడగట్టే ఫిల్టర్లతోనూ ట్రయల్స్ పెట్టారు. జ్యూరిక్ వాళ్ళది ఇంకో దారి. గంటలు చాలవు, రోజులు కావాలి అంటారు. 2021 మే నెలలో వాళ్ళు మూడు రోజులు మిషన్ మీద ఉంచిన లివర్‌ని ఒక పేషెంటుకి పెట్టారు, అతను కోలుకున్నాడు. అదే మిషన్ మీద కొవ్వు లివర్లని ఇంకా ఎక్కువ రోజులు ఉంచి చూశారు. కొన్నిట్లో కొవ్వు బాగా తగ్గింది, కొన్నిట్లో తగ్గలేదు. నా అంచనాలో చివరికి గెలిచేది ఈ రోజుల దారే. ఒంట్లో అయినా మిషన్ మీద అయినా కొవ్వు కరగడానికి టైమ్ కావాలి.

మన దగ్గర ఎందుకు లేదు అంటే, కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో మిషన్లు ఉన్నాయి గానీ ఒక్కో లివర్‌కి వాడి పారేయాల్సిన సెట్టు ఖరీదే లక్షల్లో ఉంటుంది. రాత్రంతా దాని పక్కన కూర్చుని రీడింగులు చూసే శిక్షణ పొందిన మనుషులు కావాలి. మన దేశంలో లివర్ మార్పిడుల్లో ఎక్కువభాగం బతికున్న దాతలవే కాబట్టి ఆసుపత్రులు దీనిమీద ఖర్చు పెట్టడానికి వెనకాడతాయి. చనిపోయిన దాతల అవయవాల్ని పంచే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ కింద వచ్చే లివర్ ఏ ఆసుపత్రికి వెళ్తే ఆ ఆసుపత్రికి వెళ్ళేలా ప్రభుత్వమే ఒక మిషన్, ఒక టీము ఏర్పాటు చేయాలని నేను ఎప్పట్నుంచో అడుగుతున్నాను. ఒక కుటుంబం పుట్టెడు దుఃఖంలో ఉండి కూడా ఒప్పుకుని ఇచ్చిన లివర్‌ని, ఒక్క అంకె చూసి వద్దనుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక మీ విషయం. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 33 ఏళ్ళు, 86 కిలోలు, గ్రేడ్ 2 అని రాశారు. మీరు ఒంటరి కాదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు ఉందని 2025లో ప్రచురించారు. లివర్ ఇస్తామని వచ్చే కుర్రకారులో మేం రోజూ చూసేది ఇదే.

అల్ట్రాసౌండ్ గ్రేడ్ చూసి ఆశ వదులుకోకండి, అది చూపు లెక్క మాత్రమే. మేం కాంట్రాస్ట్ (స్కాన్ కోసం రక్తంలోకి ఎక్కించే మందు) లేని సీటీ తీసి, లివర్ సాంద్రతలోంచి ప్లీహం సాంద్రత తీసేస్తాం. లివర్ 5 పాయింట్లకు పైన ఎక్కువ ఉంటే కొవ్వు దాదాపు లేనట్టే. మైనస్ 10 కంటే కిందికి పోతే 30 శాతం దాటి ఉండొచ్చు. అవసరమైతే ఎమ్మారై, బయాప్సీ చేస్తాం. బతికున్న దాత దగ్గర మేం ఇంకా కఠినంగా ఉంటాం, ఎందుకంటే లివర్‌లో సగానికి పైగా తీసుకుంటే మిగిలిన ముక్క మీ ప్రాణం నిలబెట్టాలి, మళ్ళీ పెరగాలి. కొవ్వు ఉంటే ఆ పెరుగుదల మందగిస్తుంది. కుడిభాగం ఇచ్చే ఆపరేషన్‌లో దాత ప్రాణానికి ప్రమాదం వెయ్యిలో ఇద్దరి నుంచి ఐదుగురి దాకా అని మేం ప్రతి దాతకీ చెప్తాం. మీరూ విని, ఇంట్లో చెప్పి, ఆలోచించుకోండి.

ఇప్పుడు మంచి మాట. ఈ కొవ్వు వారాల్లో తగ్గుతుంది. గతేడాది ఒక అమ్మాయి వాళ్ళ నాన్నకి ఇస్తానని వచ్చింది. 74 కిలోలు, సీటీలో మైనస్ 4. ఇవ్వలేవమ్మా అంటే అక్కడే ఏడ్చేసింది. ఎనిమిది వారాలు టైమ్ ఇచ్చాం. డైటీషియన్ రాసిచ్చినట్టు మధ్యాహ్నం ఒక చిన్న కప్పు అన్నం, రాత్రి అన్నం బంద్, పూటపూటా గుడ్డు గానీ పప్పు గానీ పెరుగు గానీ, తీపి లేదు, కూల్‌డ్రింకు లేదు. పొద్దున్న ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట వేగంగా నడక. వాళ్ళమ్మ ఒక పాత క్యాలెండర్ వెనక రోజూ బరువు రాసేది, ప్రతి ఆదివారం దాన్ని ఫోటో తీసి మా కోఆర్డినేటర్‌కి పంపేది. 67 కిలోలకి వచ్చింది. సీటీలో ప్లస్ 8. ఆపరేషన్ టేబుల్ మీద ఆమె లివర్ అంచు పల్చగా, గోధుమరంగులో ఉంది. నేను చూసిన కొవ్వు కరిగించే మిషన్లన్నిట్లో ఇంత బాగా పనిచేసింది ఏదీ లేదు.

మీరు మొదలుపెట్టేది మార్పిడి టీము డైటీషియన్ చెప్పినట్టే. ఒక్కసారిగా పస్తులుండి పది కిలోలు తగ్గితే, ప్రోటీన్ లేకపోతే లివర్‌లో కొవ్వు పెరిగే ప్రమాదముంది. మద్యం పూర్తిగా మానేయాలి, వారానికొకసారి తాగే అలవాటైనా సరే. "లివర్ శుద్ధి" అని అమ్మే కషాయాలు, తిప్పతీగ మాత్రలు ముట్టుకోవద్దు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ప్రచురితమయ్యాయి.

ఇంకొక విషయం మీకెవరూ చెప్పి ఉండరు. అవయవ మార్పిడి చట్టంలో దగ్గరి బంధువులంటే భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు నాయనమ్మలు అమ్మమ్మలు, మనవలు. మేనల్లుడు ఆ జాబితాలో లేడు. మీరివ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. డబ్బు చేతులు మారలేదని, ఎవరి ఒత్తిడీ లేదని వాళ్ళు మిమ్మల్ని కూర్చోబెట్టి అడుగుతారు. మామయ్యతో మీ బంధుత్వం చూపే కాగితాలు, పాత ఫోటోలు ఇప్పట్నుంచే పోగుచేయండి. బరువు తగ్గే ఆ ఎనిమిది వారాల్లో ఈ పని కూడా అయిపోతుంది.

మామయ్య పేరు మాత్రం వెయిటింగ్ లిస్టులోంచి తీయించకండి, మీరు దాతగా కుదిరినా సరే ఆపరేషన్ రోజు వరకూ ఉంచండి. మళ్ళీ ఫోన్ వస్తే "పోయినసారి లాగే తిప్పి పంపుతారేమో" అని ఆలోచించకుండా బయల్దేరండి. ఫోన్ వచ్చిన క్షణం నుంచి ఆయనకి ఏమీ పెట్టొద్దు, వేసుకునే మందుల చీటీ, పాత రిపోర్టులు ఒకే సంచిలో తలుపు దగ్గర పెట్టి ఉంచండి.